మా పిల్లలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా వచ్చారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

చదువుల సర్వేల్లో మన రాష్ట్రానికి ఫలానా స్థానం వచ్చిందని వార్త పడ్డప్పుడల్లా మీ పేజీల్లో రెండు మూడు రోజులు ఒకటే గొడవ. సర్కారు బడులు పాడైపోయాయని ఒకరు, టీచర్ల జీతాలు దండగని ఇంకొకరు, అంతా పాత ప్రభుత్వం వల్లేనని వీళ్లు, ఇప్పటి ప్రభుత్వం వల్లేనని వాళ్లు. నాలుగో రోజుకి అందరూ మర్చిపోతారు. నేను తెలంగాణలో ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. మూడు, నాలుగు, ఐదు నావి. ఈ చర్చలన్నీ చదువుతుంటే నాకు అంతుబట్టని సంగతి ఒకటుంది. జూన్‌లో బడికొచ్చిన పిల్ల ఏప్రిల్ నాటికి ఎంత ముందుకెళ్లిందని ఎవరూ అడగరేం? పక్కన కూర్చున్న పిల్లతోనో పక్క జిల్లాతోనో పోల్చకుండా, ఆ పిల్ల మొదట ఎక్కడుందో అక్కడినుంచి ఎంత దూరం వచ్చిందని? దీనికి జవాబు చెప్పే పరీక్ష మన దగ్గర లేదు. ఉన్న పరీక్షలకేమో లెక్కే లేదు.

ఎఫ్ఏలు (మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు) నాలుగు, ఎస్ఏలు (సమ్మేటివ్ పరీక్షలు) రెండు, ఏడాది మొదట్లో బేస్‌లైన్, మధ్యలో మిడ్‌లైన్, చివర్లో ఎండ్‌లైన్, ఇవికాక జాతీయ సర్వే ఉన్న ఏడాది దానికి ప్రాక్టీసు పేపర్లు. ప్రతిదాని మార్కులూ రిజిస్టర్లో రాయాలి, ఆ తర్వాత ఫోన్లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే బడి వదిలాక మెయిన్ రోడ్డు దాకా వచ్చి నిలబడి ఎక్కించాలి. ఇన్ని మార్కులు రాస్తాం కదా, ఏడాది చివర ఒక తల్లి వచ్చి "మా పిల్ల ఏమన్నా ముందుకొచ్చిందా మేడం" అని అడిగితే ఆ రిజిస్టర్ చూసి జవాబు చెప్పడం నావల్ల కాదు. ఎఫ్ఏ-1 రాతపరీక్షలో ఇరవైకి పద్నాలుగు, ఎఫ్ఏ-2 లో పన్నెండు వచ్చాయనుకోండి. పిల్ల వెనకబడిందనా అర్థం? మొదటి పేపర్లో కూడికలు తీసివేతలు అడిగారు, రెండోదాంట్లో భాగహారం అడిగారు. సిలబస్ వేరు, పేపర్ కష్టం వేరు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే అందంగానే ఉంటుంది, దానివల్ల తెలిసేది మాత్రం ఏమీ ఉండదు.

ఇంకో చిక్కుంది, ఇదే అసలు చిక్కు. పేపర్లన్నీ తరగతిని బట్టి ఇస్తారు. నాలుగో తరగతిలో పేరున్న పిల్లకు నాలుగో తరగతి పేపరే. ఆమె చదవడం ఇంకా అక్షరాల దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ పేపర్లో ఆమెకు రెండు మార్కులొస్తాయి. ఏడాదంతా కూర్చుని గుణింతాలు పట్టుకుని, పదాలు పట్టుకుని, కూడబలుక్కుంటూ చిన్న వాక్యాలు చదివేదాకా వచ్చినా, మళ్లీ అదే స్థాయి పేపరిస్తే ఆమెకొచ్చేది మూడు మార్కులు. రెండేళ్ల చదువు ఒక్క ఏడాదిలో నేర్చుకున్న పిల్ల అది! మా బడిలో అందరికంటే ఎక్కువ ఎదిగిన పిల్ల! రికార్డులో మాత్రం ఆమె ఫెయిలు, నేను పనిచేయని టీచర్ని. అదే తరగతిలో ఇంట్లో చదివించేవాళ్లున్న ఇంకో పాప జూన్‌లోనే పదహారు తెచ్చుకుంటుంది, ఏప్రిల్‌లోనూ పదహారే తెచ్చుకుంటుంది, ఆ పాప విషయంలో మేము చేసిందేమిటని ఎవరూ అడగరు, నిజానికి అడగాల్సింది అక్కడే.

నేను మాట్లాడుతున్నది ఏమిటో రెండు సంగతులు చెబితే తెలుస్తుంది. నా నాలుగో తరగతిలో ఒక పాప 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాసింది. ఎలా వచ్చిందమ్మా అంటే వేలు పెట్టి చూపించింది. "ఐదులోంచి రెండు తీస్తే మూడు టీచర్, ఏడులోంచి రెండు తీస్తే ఐదు." 41 లోంచి 18 ఇచ్చాను, 37 అంది. అంటే పద్ధతి లేకుండా ఏదో రాయడం లేదు, ప్రతిసారీ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది, పదుల్లోంచి అప్పు తెచ్చుకోవచ్చన్న సంగతి ఆమె దాకా రాలేదు. పదేసి పుల్లల కట్టలు, విడి పుల్లలు ముందు పెట్టి, ఒక కట్ట ఆమె చేతే విప్పిస్తే సర్దుకునే తప్పు అది. ఇదే లెక్క ఓఎంఆర్ షీట్లో వచ్చిందనుకోండి, ఈ పాప 35 దగ్గర గుండ్రం నింపుతుంది, వెనక బెంచీలో అంకెలే గుర్తుపట్టని పిల్లాడు చేతికొచ్చిన గుండ్రం నింపుతాడు, ఇద్దరికీ సున్నా. ఒక్కోసారి ఆ పిల్లాడి గుండ్రమే సరైనదై కూర్చుంటుంది, అప్పుడు వాడికి మార్కు, ఈమెకు సున్నా.

తెలుగు సంగతి ఇంకా విచిత్రం. మూడో తరగతిలో ఒక బాబు పాఠం గడగడా అప్పజెబుతాడు, వింటుంటే ముచ్చటేస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే వేలు వేరే లైను మీద ఉంటుంది. అదే పాఠంలోంచి రెండు పదాలు తీసి పలక మీద విడిగా రాస్తే "చెట్టు"ని "చెటు" అంటాడు, "పిట్ట"ని "పిట" అంటాడు. గుణింతాలు వచ్చాయి, ఒత్తుల దగ్గర ఆగిపోయాడు. ఈ ఒక్క మాట నాకు జూన్‌లో తెలిస్తే జూలై, ఆగస్టుల్లో నేనేం చేయాలో నాకు తెలుసు. "తెలుగు, సీ గ్రేడ్" అన్న మాట వల్ల ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

అంగన్‌వాడీలో పిల్లల్ని నెలనెలా తూకం వేసి పెరుగుదల చార్టులో చుక్క పెట్టడం చూసే ఉంటారు. పోయిన నెల చుక్కకీ ఈ నెల చుక్కకీ గీత కలుపుతారు, గీత పైకి వెళ్తోందా, పడుకుందా, కిందికి దిగుతోందా చూస్తారు. అన్ని నెలలూ ఒకే రకం తూకం, ఒకే చార్టు, ఆ బిడ్డ పేరు మీదే ఉంటుంది. గీత పడుకుంటే ఆ తల్లితో మాట్లాడతారు, గుడ్డో పాలో అదనంగా ఏర్పాటు చేస్తారు. బరువు తగ్గిందని బిడ్డని ఫెయిల్ చేయరు. ఆ బిడ్డే ఆరేళ్లు నిండి మా బడిలో అడుగుపెట్టగానే ఆ చార్టు ఆగిపోతుంది, చదువుకి సంబంధించి అలాంటి గీత మళ్లీ ఎవరూ గీయరు. నేను అడుగుతున్నది అంతకంటే పెద్దదేమీ కాదు.

మరి ఇన్ని సర్వేలు జరుగుతున్నాయి కదా అంటారు. జరుగుతున్నాయి, వాటి విలువ వాటికుంది, వాటిని కాదనను. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేనే తీసుకోండి. వలంటీర్లు ఊళ్లోకి వచ్చి, ఇంటికెళ్లి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరి చేతా చదివిస్తారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం. చాలా సాదా పరీక్ష, నాకు తెలిసినంతలో చిన్నపిల్లలకు పెట్టాల్సిన పద్ధతి అదే. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు తెలంగాణ పల్లెల్లో 2018లో 18.1 శాతం ఉంటే 2022 నాటికి 5.2 శాతానికి పడిపోయారని ఆ సర్వేనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి పడిపోయారు. కరోనాలో బడులు మూతపడి పిల్లలు ఏం పోగొట్టుకున్నారో ఆ అంకెల్లో ఉంది, చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు. అయితే అది శాంపిల్ సర్వే. నా బడిలోని ఏ పిల్ల గురించీ అది చెప్పదు, అది చెప్పడానికి పెట్టింది కూడా కాదు.

కేంద్రం చేసే సర్వే సంగతి చూడండి. నాస్ పేరుతో 2017లో 3, 5, 8 తరగతులకు పరీక్ష పెట్టారు, 2021 నవంబర్ 12న మళ్లీ పెట్టారు. తర్వాత దాన్ని పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అని పేరు మార్చి, తరగతుల్ని కూడా 3, 6, 9గా మార్చి 2024 డిసెంబర్ 4న పెట్టారు. దేశం మొత్తం మీద 21 లక్షలకు పైగా పిల్లలు, 74 వేలకు పైగా బడులు. మూడో తరగతిలో 99 లోపు సంఖ్యల్ని చిన్న నుంచి పెద్దకి, పెద్ద నుంచి చిన్నకి వరుసలో పెట్టగలిగింది 55 శాతమేనట, ఆరో తరగతిలో పది దాకా ఎక్కాలు వచ్చింది 53 శాతానికేనట. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 2021 నవంబర్‌లో మూడో తరగతిలో ఉన్న పిల్లలే 2024 డిసెంబర్‌కి ఆరో తరగతికొచ్చారు. ఆ మూడేళ్లూ వాళ్లకి కరోనా తర్వాతి మూడేళ్లు. వాళ్లు తేరుకున్నారా లేదా అన్నది ఈ దేశంలో చదువు గురించి అడగగలిగిన ప్రశ్నలన్నింట్లోకీ ముఖ్యమైనది. అయితే ఇదీ శాంపిల్ సర్వేనే, అప్పుడు రాసిన పిల్లలు వేరు, ఇప్పుడు రాసిన పిల్లలు వేరు, పరీక్షల కొలత వేరు, కాబట్టి ఏ ఒక్క పిల్లకీ గీత కలపలేం. ప్రతి పిల్లకీ పెన్ నంబర్ (బడి మారినా మారని విద్యార్థి నంబర్) ఇచ్చాం, అపార్ ఐడీ (చదువు రికార్డులన్నింటికీ ఒకే గుర్తింపు) ఇచ్చాం, ఆధార్లో పేరు ఒక్క అక్షరం తేడా ఉందని మమ్మల్ని ఎన్ని రోజులు తిప్పారో మా టీచర్లందరికీ తెలుసు. నంబర్ ఉంది. ఆ నంబర్ పక్కన ఆ పిల్ల చదువు గీత ఎక్కడ?

ఆ పరఖ్ సర్వే జరిగిన సమయం గురించి కూడా చెప్పాలి. 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వేకి ఎస్జీటీలందరినీ పంపి ప్రాథమిక బడులు ఒంటిపూట నడిపారు. పొద్దున పాఠం, మధ్యాహ్నం నుంచి ఊళ్లో ఇళ్లు తిరగడం. ఆ వెంటనే డిసెంబర్ 4న మూడో తరగతి పిల్లలకు జాతీయ పరీక్ష. కుటుంబ సర్వే వద్దని నేననను, ర్యాంకు చూసి టీచర్లని తిట్టేముందు ఆ నెల గుర్తుంచుకోమంటాను.

ఇక ఎదుగుదలని కొలిచే పరీక్ష అంటే ఏమిటో మా చెల్లెలి వల్ల దగ్గర్నుంచి చూశాను. వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. దాని కూతురు చదివే బడిలో మ్యాప్ గ్రోత్ అని ఒక పరీక్ష పెడతారు, ఎన్‌డబ్ల్యూఈఏ అనే సంస్థ తయారుచేసింది, ఏడాదికి మూడుసార్లు, బడి తెరిచాక, చలికాలంలో, ఎండాకాలం సెలవుల ముందు. కంప్యూటర్ మీద రాస్తారు. సరైన జవాబు చెబితే తర్వాతి ప్రశ్న కష్టమైంది వస్తుంది, తప్పు చెబితే తేలికైంది వస్తుంది, అలా ఆ పిల్ల అసలు స్థాయి ఎక్కడుందో అక్కడికి చేరుకుంటుంది. తరగతితో పనిలేదు. నాలుగో తరగతి పిల్ల రెండో తరగతి స్థాయిలో ఉంటే అది తెలుస్తుంది, ఆరో తరగతి స్థాయిలో ఉన్నా తెలుస్తుంది. స్కోరుకి రిట్ అని పేరు, తరగతులు మారినా అదే స్కేలు, కాబట్టి మొన్నటి అంకెనీ ఇవాళ్టి అంకెనీ నిజంగానే పక్కపక్కన పెట్టొచ్చు. చెల్లెలు ఆ రిపోర్టు ఫొటో పంపితే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మూడు చుక్కలు, మధ్యలో గీత, కింద ఆ పిల్లకి ఇప్పుడు ఏం నేర్పడానికి అనువుగా ఉందో నాలుగు మాటలు. నా మూడో తరగతి బాబుకి ఇలాంటి కాగితం ఒకటి ఉంటే ఎంత బాగుండేది!

అయితే అదే చెల్లెలు ఇంకో రోజు ఫోన్ చేసి "అక్కా, దీనికి తొంభై రెండు పర్సంటైల్ వచ్చింది, పక్కింటి వాళ్లమ్మాయికి తొంభై ఏడట, నాకు టెన్షన్‌గా ఉందే" అంది. తొంభై రెండు పర్సంటైల్ అంటే ఆ తరగతి పిల్లలు వందమందిలో దాదాపు తొంభై ఇద్దరి కంటే ముందున్నట్టు. ఆ పరీక్షలో ఎంత బాగా చదివే పిల్లకైనా దాదాపు సగం ప్రశ్నలు తప్పుతాయి, ఎందుకంటే సరైన జవాబు చెప్పేకొద్దీ కష్టమైనవే ఇస్తారు కదా, ఆ సంగతి తెలియక పాప ఇంటికొచ్చి నాకేమీ రాలేదని ఏడ్చిందట. వాట్సాప్ గ్రూపులో తెలుగు తల్లిదండ్రులు పర్సంటైళ్లు పోల్చుకుంటున్నారట, దానికి కోచింగ్ ఎక్కడిస్తారని వెతుకుతున్నారట. నేను గట్టిగానే చెప్పాను. "ఒసేయ్, ఆ పరీక్ష పెట్టిందే పక్కింటి పిల్ల సంగతి పక్కన పెట్టి నీ పిల్ల గీత చూసుకోవడానికి. జూన్ దాకా కోచింగిచ్చి అంకె పెంచితే ఆ టీచర్‌కి నీ కూతురికి ఏం రాదో ఎలా తెలుస్తుందే?" ఎదుగుదల పరీక్షని మనం ఎక్కడికి తీసుకెళ్లినా ఎంసెట్ చేసేస్తాం. ఇక్కడ పెట్టినా జరిగేది అదేనని నా భయం. మా ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే దారిలో ఇప్పటికే ఒకటో తరగతి పిల్లల ఫొటోలూ మార్కులూ వేసి ఫ్లెక్సీలు కడుతున్నారు.

అందుకే ఒక షరతు మొదటే రాసిపెట్టుకోవాలి. ఈ పరీక్ష ఫలితంతో ఎవరినీ శిక్షించకూడదు. పిల్లల్ని, టీచర్లని, బడిని, ఎవరినీ. ఇది టీచర్ని కాబట్టి నన్ను కాపాడుకోవడానికి అంటున్నానని కొందరంటారు. అనుకోనివ్వండి, జరిగినవి చెబుతాను. అమెరికాలో 2002 జనవరిలో సంతకమైన చట్టంతో 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు తప్పనిసరి చేసి, నిర్ణయించిన స్థాయికి రాని బడుల మీద చర్యలు పెట్టారు. అట్లాంటాలో ఏం జరిగిందంటే పిల్లలు రాసిన తప్పు జవాబుల్ని బడుల్లో టీచర్లే చెరిపి సరైనవి దిద్దారు. 2011లో బయటపడిన దర్యాప్తులో 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు వచ్చాయి, 2015లో పదకొండు మందికి కోర్టులో శిక్షలు పడ్డాయి. ఆ దిద్దుబాట్ల వల్ల నష్టపోయింది ఎవరు? చదవడం రాదని తేలి అదనపు సాయం అందాల్సిన పిల్లలు. వాళ్లకి కాగితం మీద చదవడం వచ్చేసింది కదా, సాయం ఆగిపోయింది. ఇంతకుముందు చెప్పిన మ్యాప్ పరీక్షనే 2013 జనవరిలో సియాటెల్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్ టీచర్లు మేము పెట్టబోమని బహిష్కరించారు. వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి దాన్ని తమ పనితీరు కొలవడానికి వాడుతున్నారని, ఇంకోటి ఆ తరగతుల్లో పిల్లల నుంచి ఆశించే పెరుగుదల కంటే ఆ పరీక్షలో ఉండే హెచ్చుతగ్గులే ఎక్కువని. హైస్కూళ్లకి దాన్ని ఐచ్ఛికం చేయక తప్పలేదు.

దూరం ఎందుకు, మన పక్కనే ఉంది. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో పరిశీలించి తేల్చింది ఏమిటంటే, టీచర్లే పెట్టి టీచర్లే చూసుకునే కాగితం పరీక్షల్లో పిల్లల స్థాయి ఉన్నదానికంటే బాగా ఎక్కువగా కనిపిస్తుందని, అదే ట్యాబ్ మీద పెట్టిన పరీక్ష మార్కులు బయటివాళ్లు విడిగా పెట్టిన పరీక్షకి దగ్గరగా ఉన్నాయని. మా వాళ్లకి కోపం రావచ్చు. కానీ మార్కులు తక్కువొస్తే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో లేపి నిలబెట్టి అడుగుతారని తెలిసినప్పుడు, బోర్డు మీద జవాబు రాయకపోయినా పిల్లాడి పక్కన నిలబడి "ఇంకోసారి చూడరా" అనని టీచర్ ఎంతమంది? ఆ ఒక్క మాటతో ఆ పిల్లాడి అవసరం లెక్కలోంచి మాయమైపోతుంది.

ఇంకో అధ్యయనం ఉంది, ఇది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005-06లో మొదలైంది, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. ఎదుగుదల పరీక్షల గురించి మాట్లాడేవాళ్లందరూ ముందు ఇది తెలుసుకోవాలి. ఐదు జిల్లాల్లోని ప్రభుత్వ బడుల్లో ఏడాది మొదట పిల్లలకు పరీక్ష పెట్టి, వంద బడుల్లో టీచర్లకు ఏ పిల్లకి ఏమొచ్చు, ఏం రాదు అని వివరంగా రిపోర్టులు ఇచ్చారు. అచ్చం నేను ఇప్పటిదాకా అడిగినట్టే. మధ్యమధ్యలో చూడ్డానికి మనుషులు కూడా వెళ్లారు. ఏడాది చివర మళ్లీ పరీక్ష పెడితే, రిపోర్టు అందిన బడుల పిల్లలకీ అందని బడుల పిల్లలకీ తేడా లేదు! వేరే బడుల్లో పిల్లల మార్కులు ఎంత పెరిగితే దాన్నిబట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు, పెద్ద మొత్తమేం కాదు, సగటున ఏడాది జీతంలో మూడు శాతం. ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో ముందుకెళ్లారు, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్లో కూడా మెరుగయ్యారు. ఆ బడుల టీచర్లకీ అవే రిపోర్టులు వెళ్లాయి, అవి పనికొచ్చాయన్న టీచర్ల పిల్లలకి మేలు జరిగింది.

ఇది నా వాదనకి అడ్డం కదా అని కొందరు అనొచ్చు. నాకలా అనిపించదు. అక్కడ కొలిచింది పెరుగుదలని, పరీక్ష పెట్టింది బయటివాళ్లు, డబ్బు ఇచ్చారే తప్ప ఎవరి జీతమూ కోయలేదు. అంతకంటే ముఖ్యంగా, రిపోర్టు ఒక్కటే చేతిలో పెడితే ఏమీ జరగదని ఆ అధ్యయనం తేల్చింది. ఒక బడిలో టీచర్‌గా నాకిది ఆశ్చర్యమేమీ కాదు. రిపోర్టు వచ్చింది సరే, మర్నాడు పొద్దున్నే తొమ్మిదిన్నరకి నేను మళ్లీ మూడు తరగతుల పుస్తకాలు పట్టుకుని ఈ నెలాఖరుకి ఈ పాఠం అయిపోవాలని పరుగెత్తాలి. ఒత్తులు రాని బాబుని, అప్పు తెచ్చుకోవడం రాని పాపని పక్కన కూర్చోబెట్టుకునే గంట టైమ్‌టేబుల్లో ఉండాలి, ఉన్నా ఆ గంటలో ఏ కుటుంబ సర్వేనో, ఓటర్ల జాబితానో, ఫోన్లో ఎక్కించే ఇంకో ఫారమో రాకూడదు. తెలంగాణలో 2022 ఆగస్టులో ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మా వాళ్లలో చాలామంది సంతోషపడ్డది అందుకే, పిల్లల స్థాయి ముందు తెలుసుకుని దాన్నిబట్టి చెప్పాలన్న మాట పైనుంచి రావడమే గొప్ప అనిపించింది. ఆలోచన మంచిది. నడిచేకొద్దీ అందులోనూ ఫారాలు పెరిగాయి, పుస్తకంలో ఇంతమంది చదవగలరు ఇంతమంది చదవలేరు అని అంకె నింపడమే ముఖ్యమైపోయింది, ఆ ఇంతమందిలో ఎవరు ఎక్కడున్నారో చెప్పే కాగితం మళ్లీ టీచర్ సొంతంగా రాసుకున్నదే.

ఇంకో భయం కొత్తగా వచ్చింది. 5, 8 తరగతుల్లో పాస్ కానివాళ్లని ఆపేయొచ్చని కేంద్రం 2024 డిసెంబర్‌లో తన విద్యాహక్కు నిబంధనలు మార్చింది, రెండు నెలల్లో ఇంకో అవకాశం ఇచ్చి అప్పటికీ రాకపోతే అదే తరగతిలో ఉంచుతారు. రాష్ట్రాలు వాటి నిర్ణయం అవి తీసుకోవచ్చు. ఐదో తరగతిలో ఫెయిలైన పల్లెటూరి ఆడపిల్ల ఏమవుతుందో నాకు తెలుసు, మిరప చేలోకి కూలికి వెళ్తుంది. ఒకటో తరగతి నుంచీ ఆమె గీత చూస్తూ వచ్చి ఉంటే, గీత పడుకున్న మొదటి ఏడాదే ఎవరో ఒకరు పట్టించుకుని ఉంటే, ఐదో తరగతిలో ఆపాల్సిన అవసరమే ఉండదు. నాలుగేళ్లు కళ్లు మూసుకుని ఐదో ఏడు పిల్లని ఫెయిల్ చేయడం అన్యాయం, దీన్ని నేను ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

ఏం కావాలో కూడా చెబుతాను, పెద్ద ఖర్చుతో పనిలేదు. ఏడాదికి మూడుసార్లు చాలు, జూలైలో, నవంబర్లో, మార్చిలో. చిన్న తరగతులకు ఓఎంఆర్ వద్దు, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నోటితో చదివించి, నోటితో చెప్పించి, పలక మీద రాయించి చూడాలి. ప్రతిసారీ ఒకే కొలత ఉండాలి, ప్రశ్నలు వేరైనా మెట్లు అవే ఉండాలి. పరీక్షించేది పక్క ఊరి టీచరైతే మంచిది, మేము వాళ్ల బడికి వెళ్తాం, వాళ్లు మా బడికి వస్తారు. ఫలితం అంకెగా వద్దు, వాక్యంగా కావాలి. "చిన్న వాక్యాలు చదువుతుంది, ఒత్తుల దగ్గర తడబడుతుంది" అని రాస్తే బడి మొహం చూడని తల్లి కూడా ఎవరిచేతనైనా చదివించుకుని అర్థం చేసుకుంటుంది, రాత్రి పూట పిల్ల చేత చదివించి వింటుంది. ఆ కాగితం పరీక్ష అయిన వారంలోగా నా చేతికి రావాలి, నెలల తర్వాత జిల్లా సగటు రూపంలో వస్తే నాకెందుకు? ఈ మూడూ పెడుతున్నప్పుడు ఇప్పుడున్న పరీక్షల్లోంచి కొన్ని తీసేయాలి, ఇది మాత్రం గట్టిగా అడుగుతున్నాను, కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాని మీద పేర్చుకుంటూ పోతే పాఠం చెప్పే రోజులు మిగలవు. పిల్ల బడి మారితే, ప్రైవేటుకి వెళ్లినా, వలస వెళ్లి వేరే జిల్లాలో చేరినా ఆ గీత పెన్ నంబర్‌తో పాటు వెళ్లాలి. మా ఊళ్లో పంటల కాలాన్ని బట్టి పిల్లలు వస్తూ పోతూ ఉంటారు, వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి కనుక్కోవాల్సి వస్తోంది.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. జిల్లాల ర్యాంకుల పట్టిక వేయకండని అడగను, వార్త కాబట్టి వేస్తారు. వచ్చేసారి సర్వే ఫలితాలు విడుదల చేసే ప్రెస్ మీట్‌కి మీ విలేకరి వెళ్లినప్పుడు ర్యాంకు ఎందుకు పడిపోయిందని అడగడంతో పాటు ఇంకో మాట అడగమనండి: ఈ ఏడాది పెట్టిన పరీక్షల్లో ఏదైనా ఒక్కదాని ఫలితం, ఏ పిల్లకి ఏం వచ్చు ఏం రాదు అన్న వివరంతో, వాళ్ల క్లాస్ టీచర్‌కి తిరిగి అందిందా, అందితే ఏ తారీఖున? వాళ్లిచ్చే జవాబు ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు
ఒక ఎస్జీటీ, తెలంగాణ
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)